శాస్త్ర విద్యార్థి - రచనాభ్యాసము

కళాశాలలో చేరిన విద్యార్థి తొలిదినములలో చేయు ప్రయోగములలో లఘులోలకము ఒకటి. దారమునకు చిన్న లోహపు గుండును వ్రేలాడదీసి, మెల్లగా ఊగనిచ్చి, ఇరువది డోలనములకు పట్టిన కాలమును గడియారముతో కొలుచుటయే అందలి పని. ఆ కాలమును, లోలకపు పొడవును సూత్రములో వేసి గురుత్వ త్వరణమును గణింతురు. ప్రయోగము సులభమైనదే. చిక్కంతయు తరువాత రికార్డు పుస్తకము వ్రాయుటలో వచ్చును.

చాల తరగతులలో విద్యార్థి తన కొలతలను ప్రక్కకు నెట్టి, క్రిందటి సంవత్సరపు విద్యార్థి రికార్డును ముందుంచుకొని నకలు చేయును. ఉద్దేశము, పరికరములు, సూత్రము, పట్టిక, ఫలితము అన్నియు అక్షరము పొల్లుపోకుండ దిగును. అరువదిమంది రికార్డులలోను గురుత్వ త్వరణము సెకనుకు సెకనుకు 980 సెంటీమీటర్లే.

ఇందలి విచిత్రమేమనగా, ప్రకృతి సయితము ఇచ్చట ఆ అంకెను ఈయదు. గురుత్వ త్వరణము భూమధ్యరేఖవద్ద సుమారు 978, ధ్రువములవద్ద సుమారు 983 సెంటీమీటర్లు. హైదరాబాదు అక్షాంశమున అది 978కి కొంచెము పైగా నుండును. 980 అనునది లెక్కల సౌకర్యమునకై పాఠ్యపుస్తకములు వాడు గుండ్రని అంకె. తన చేతితో కొలిచి 963 తెచ్చుకొన్న విద్యార్థి దానిని చెరిపి 980 వ్రాసినపుడు, తాను చూచినదానికంటె తాను విన్నదియే నిజమని ఒప్పుకొనుచున్నాడు. శాస్త్రవిద్యకు ఇంతకంటె పెద్ద నష్టము లేదు.

ఈ నష్టమునకు మందు ప్రయోగశాలలోకంటె రచనాభ్యాసములోనే ఎక్కువగా నున్నది. రచన యనగా తెలిసినదానిని అందముగా పేర్చుట అని సామాన్యముగా తలతురు. తెలిసినది ఎంత, తెలియనిది ఎంత అని తేల్చు పరీక్షయే రచన. ప్రశ్న వినగానే తెలిసినట్లు తోచిన విషయము కాగితముమీద మూడు వాక్యములు సాగకుండనే ఆగిపోవుట ప్రతి విద్యార్థికిని అనుభవమే. ఆగిన ఆ చోటనే అజ్ఞానము బయటపడినది. నేర్చుకొనుట అచ్చటినుండియే మొదలిడవచ్చును.

రచనాభ్యాసపు పుట్టుక

కళాశాల మొదటి సంవత్సరమున రచనను ప్రత్యేక పాఠముగా నేర్పు పద్ధతి అమెరికాలో స్థిరపడినది. హార్వర్డు విశ్వవిద్యాలయమున ప్రవేశపరీక్షలో వ్యాసరచన 1874లో చేరెను. చదువుకొని వచ్చిన బాలురు కూడ సరిగా వ్రాయలేకుండుట చూచి, ఆడమ్స్ షెర్మన్ హిల్ అను ఆచార్యుని ప్రోద్బలమున 1885లో మొదటి సంవత్సరపు విద్యార్థులకు ప్రత్యేక రచనాపాఠ మేర్పడెను. క్రమముగా ఇతర కళాశాలలు ఆ మార్గమును త్రొక్కెను. మొదట ఈ పాఠములలో వ్యాకరణదోషములను దిద్దుటకే ప్రాధాన్య ముండెడిది. 1977లో జానెట్ ఎమిగ్ అను విద్యావేత్త, వ్రాయుట తనంత తానే ఒక నేర్చుకొను మార్గమని వాదించుచు వ్యాసము ప్రకటించెను. చేయి వ్రాయుచుండగా కన్ను దానిని చూచుచు, బుద్ధి దానిని సరిచూచుకొనుచుండును. ఈ మూడును ఒక్కమారు పనిచేయుటవలన ఆలోచన నిలకడ పొందును.

తెలుగువారికిని ఇది క్రొత్త ప్రశ్న కాదు. ఇంటర్మీడియట్ విద్యార్థుల తెలుగు వ్యాసరచన ఏ భాషలో నుండవలెనను వివాదము మద్రాసు విశ్వవిద్యాలయములో చెలరేగినపుడు, గురజాడ అప్పారావుగారు వ్యావహారిక భాష పక్షమున 1914లో తమ అసమ్మతి పత్రమును సమర్పించిరి. ఆ వివాద మిపుడు చరిత్రలో కలిసినది. విద్యార్థి తాను తడుముకొనకుండ ఆలోచింపగల భాషలోనే వ్రాయవలెననుట నేడు ఎల్లరకు సమ్మతమే. వ్రాయవలసిన దేమి, ఎట్లు అనునదే మిగిలిన ప్రశ్న. శాస్త్ర విద్యార్థికి నాలుగు అభ్యాసములు ముఖ్యమైనవి.

మొదటిది: వర్ణనము

చూచినదానిని చూచినట్లు వ్రాయుట ఈ అభ్యాసము. దీనికి అమెరికా రచనా పాఠములలో తరచు చెప్పు కథ యొకటి కలదు. శామ్యూల్ స్కడర్ అను యువకుడు జంతుశాస్త్రవేత్త లూయీ అగాసీవద్ద శిష్యుడుగా చేరెను. గురువు సీసాలోని ఒక చేపను అతని ముందుంచి, దీనిని చూడుమని చెప్పి వెడలిపోయెను. పది నిమిషములలో చూడవలసినదంతయు చూచితినని శిష్యుడు తలచెను. గంటలు గడచెను, గురువు రాలేదు. ఏమియు తోచక స్కడర్ ఆ చేప బొమ్మను గీయ మొదలుపెట్టెను. గీయుచుండగా అంతవరకు కంటబడని లక్షణములు ఒక్కొక్కటిగా కనబడెను. అయినను అన్నిటికంటె స్ఫుటమైన లక్షణము అతనికి తట్టలేదు. చేప శరీరమునకు రెండు ప్రక్కలు సమానమనియు, అవయవములు జంటలుగా నున్నవనియు అతడు మరునాటికి గాని చెప్పలేకపోయెను. మూడు దినములు ఆ ఒక్క చేపయే అతని పాఠము. ఈ వృత్తాంతమును స్కడర్ 1874లో ప్రకటించెను.

చేప దొరకనిచోట క్రొవ్వొత్తి చాలును. వెలుగుచున్న క్రొవ్వొత్తిని పావుగంట చూచి ఒక పుట వ్రాయుమనినచో, మొదటిమారు చాలమంది "క్రొవ్వొత్తి మండుచున్నది, వెలుగు నిచ్చుచున్నది" అని రెండు వాక్యములతో ముగింతురు. మరల చూడుమని పంపినపుడు, జ్వాల ఒకే రంగున లేదని కనుగొందురు. అడుగున పలుచని నీలము, వత్తిచుట్టు నల్లని భాగము, దానిపైన కాంతివంతమైన పసుపు. వత్తిమొదట కరిగిన మైనము చిన్న గిన్నెవలె నిలిచియుండును. గిన్నె అంచుమాత్రము కరుగదు. ఎందుకు కరుగదను ప్రశ్న అపుడు పుట్టును. క్రిందినుండి పైకి లేచు గాలి ఆ అంచును చల్లబరచుచుండునని మైకేల్ ఫారడే బాలురకై చేసిన క్రొవ్వొత్తి ఉపన్యాసములలో వివరించెను. ఆ ఉపన్యాసములు 1861లో పుస్తకముగా వెలువడెను.

ఈ అభ్యాసమున ఉపాధ్యాయుడు ముఖ్యముగా చూడవలసిన దొకటి కలదు. కంటితో చూచినది వేరు, బుద్ధితో ఊహించినది వేరు. "వత్తి మొదట ద్రవము నిలిచియున్నది" అనునది చూచిన విషయము. "వత్తి ఆ ద్రవమును పైకి పీల్చుచున్నది" అనునది ఊహ. ఊహ తప్పని కాదు. దానికి సాక్ష్యము వేరుగా కావలెను. విద్యార్థి తన పుటలో చూచిన వాక్యముల క్రింద ఒక గీత, ఊహించిన వాక్యముల క్రింద రెండు గీతలు గీసికొనినచో, ఈ భేదము ఒక్కవారములో పట్టుబడును.

రెండవది: విధానము

ఒక పనిని ఎట్లు చేయవలెనో, ఎన్నడును చేయనివాడు చదివి చేయగలుగునట్లు వ్రాయుట రెండవ అభ్యాసము. ఇది సులభముగా తోచును గాని ఇందులోనే ప్రమాద మెక్కువ.

"గాఢ గంధకికామ్లమును, నీటిని కలుపవలెను" అను వాక్యము వ్యాకరణరీత్యా నిర్దుష్టము. కాని దీనిని చదివినవాడు ఆమ్లములో నీరు పోసినచో ఏమగును? రెండును కలియునపుడు పుట్టు వేడి మిక్కుటము. పైన పడిన కొద్ది నీరు తటాలున మరగి ఆమ్లమును ముఖముమీదికి చిమ్మును. "నీటిలో ఆమ్లమును కొంచెము కొంచెముగా పోయుచు కలియబెట్టవలెను; ఆమ్లములో నీరు పోయరాదు" అని వ్రాసిననే విధానము పూర్తియగును. మొదటి వాక్యములో క్రమము మరుగుపడినది. ఆ మరుగుననే ఒక కన్ను పోవచ్చును.

ఇంటిలోని ఉదాహరణము ఇంకను ముఖ్యమైనది. అతిసారముతో శరీరములోని నీరు పోయినవారికి చక్కెర, ఉప్పు కలిపిన నీరు ప్రాణదానము చేయును. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున, బెంగాలులోని బన్‌గావ్ కాందిశీకుల శిబిరములలో కలరా ప్రబలినపుడు, సూదితో ఎక్కించు ద్రవము చాలక, డాక్టరు దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, లవణములు కలిపిన నీటిని నోటి ద్వారా ఇప్పించెను. రోగులకు దానిని త్రాగించినవారు చాలవరకు వారి బంధువులే. సుమారు 30 శాతముగా నున్న మరణములు ఆ చికిత్స పొందినవారిలో 3.6 శాతమునకు దిగెను. వైద్యవిద్య లేనివారికి అర్థమగు సూచనలు ఎంత పనిచేయునో దీనివలన తెలియుచున్నది.

ఇంటిలో చేసికొను ద్రవమునకు కొలత ఇది: శుభ్రమైన నీరు ఒక లీటరు, చక్కెర ఆరు టీచెంచాలు, ఉప్పు అర టీచెంచా, చెంచా అంచువరకే సమముగా నుండవలెను, కుప్పగా నుండరాదు. దీనికి బదులు "నీటిలో కొంచెము ఉప్పు, తగినంత చక్కెర వేయవలెను" అని వ్రాసినచో, ఒకరి కొంచెము మరియొకరికి పిడికెడు. ఉప్పు ఎక్కువైన ద్రవము పసిబిడ్డకు మేలుకు బదులు అపాయము చేయును. "కొంచెము", "తగినంత", "కొంతసేపు" అను మాటలు వంటయింట చేయితిరిగినవారికి చాలును. విధానమును వ్రాయువాడు మాత్రము వానిని కనుగొన్నచోటనెల్ల అంకెను, కొలతను, లేదా కంటికి కనబడు గుర్తును ఉంచవలెను.

ఈ రచనను పరీక్షించుటకు మార్కులు పనికిరావు. ఒక విద్యార్థి వ్రాసిన విధానమును, ఆ ప్రయోగము చూడని మరియొకని చేతికిచ్చి, కాగితములో నున్నదానిని మాత్రమే చేయుమనవలెను. ప్రశ్నలడుగరాదు, వ్రాసినవాడు పెదవి విప్పరాదు. ఎచ్చట చేయి ఆగినదో అచ్చట వాక్యము లోపించినదన్నమాట. ఆమ్లములవంటివానిని విడిచి, కాగితపు పడవ చేయుట, వడపోత కాగితమును మడచుట, లోలకమును కట్టుట మొదలగు అపాయములేని పనులతో దీనిని తరగతిలోనే జరుపవచ్చును.

మూడవది: సంగ్రహము

పాఠ్యపుస్తకములోని ఒక పుటను చదివి, పుస్తకము మూసి, మూడు నాలుగు వాక్యములలో దాని సారమును చెప్పుట మూడవ అభ్యాసము. పుస్తకము మూయుట ఇందు ముఖ్యము. తెరచియుంచినచో సంగ్రహము కత్తిరింపుగా మారును.

సంగ్రహమున తరచు దొరలు దోషము షరతును వదలివేయుట. "ఉష్ణోగ్రత మారకుండ నున్నపుడు, నిర్ణీత ద్రవ్యరాశిగల వాయువు ఘనపరిమాణము దాని పీడనమునకు విలోమానుపాతములో నుండును" అనునది బాయిలు నియమము. సంగ్రహించు విద్యార్థి మొదటి మాటలు అనవసరమని తీసివేయును. అపుడు మిగిలిన వాక్యము పొట్టిదియే, కాని అసత్యము. ఎండలో పెట్టిన బుడగ, చుట్టునున్న గాలి పీడనము మారకున్నను, ఉబ్బుట అందరు ఎరిగినదే. శాస్త్ర వాక్యములో షరతు అలంకారము కాదు, ఎముకవంటిది. ఏ మాట తీసివేసిన అర్థము చెడునో, ఏ మాట తీసివేసిన చెడదో తెలిసికొనుటయే సంగ్రహ విద్య.

నాలుగవది: వాదము

ఒక నిర్ణయమును సాక్ష్యముతో నిలబెట్టి, ఎదుటివాని సందేహమునకు సమాధానము చెప్పుట నాలుగవ అభ్యాసము. ముందు మూడును దీనికి మెట్లు. ఈ విద్య ఎంత విలువైనదో పందొమ్మిదవ శతాబ్దపు ఇరువురు వైద్యుల చరిత్ర చెప్పును.

వియన్నా నగరపు పెద్ద ఆసుపత్రిలో రెండు ప్రసూతి శాఖలుండెను. వైద్య విద్యార్థులు పనిచేయు మొదటి శాఖలో బాలింత జ్వరముచే సుమారు 10 శాతము తల్లులు మరణించుచుండిరి. మంత్రసానులు పనిచేయు రెండవ శాఖలో 4 శాతము లోపే. శవపరీక్షలు చేసిన చేతులతోనే విద్యార్థులు ప్రసూతి గదికి వచ్చుచుండుట కారణమని ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ గ్రహించెను. 1847 మే నెలలో అందరును క్లోరిను సున్నపు నీటితో చేతులు కడుగుకొనవలెనని కట్టడి చేసెను. ఏప్రిలులో 18.3 శాతముగా నున్న మరణములు జూనులో 2.2, జూలైలో 1.2 శాతమునకు దిగెను.

ఇంతటి సాక్ష్యము చేతనుండియు సెమ్మెల్‌వైస్ పెక్కు సంవత్సరములు కలము పట్టలేదు. అతని మిత్రులు వ్రాసిన చిన్న ప్రకటనలే లోకమునకు తెలిసెను. వానిని చదివినవారిలో కొందరు అతడు చెప్పినదానిని వేరుగా అర్థము చేసికొనిరి. చివరకు 1861లో అతని గ్రంథము వెలువడినపుడు, అది మిక్కిలి పెద్దదై, చెప్పినదే చెప్పుచు, ప్రతిపక్షులపై నిందలతో నిండియుండెను. అతని మాట వైద్యలోకము వినకపోవుటకు రచనాలోపమొక్కటే కారణమనరాదు. సూక్ష్మజీవుల సంగతి అప్పటికి తెలియదు. తమ చేతులే మృత్యుహేతువులని ఒప్పుకొనుట వైద్యులకు కష్టము. అయినను సత్యము చేతికందియు, ఇతరులకు అందునట్లు చెప్పబడక ఆలసించినది. 1865లో సెమ్మెల్‌వైస్ మరణించునాటికి అతని పద్ధతి అంతట వ్యాపించలేదు.

రెండవవాడు లండనులోని జాన్ స్నో. కలరా చెడుగాలివలన వచ్చునని పెద్దలందరు నమ్మిన కాలమున, అది మలినమైన నీటిద్వారా వచ్చునని అతడు 1849లో చిన్న పుస్తకముగా ప్రకటించెను. సాక్ష్యము చాలదని విమర్శ వచ్చెను. స్నో కోపింపలేదు; సాక్ష్యము కూర్చుకొని 1855లో ఆ పుస్తకమును పెంచి ప్రకటించెను. దక్షిణ లండనులో రెండు కంపెనీలు ఒకే వీధులలో నీటిగొట్టములు వేసియుండెను. ఒక కంపెనీ నగరపు మురుగు కలిసిన చోట థేమ్సు నీటిని తీసికొనుచుండెను. రెండవది 1852లో తన నీటిమూలమును నగరమునకు ఎగువకు మార్చుకొనెను. ఒకే వీధి, ఒకే గాలి. ధనికులు, పేదలు రెండు నీళ్ళను వాడువారిలోను ఉండిరి. తేడా నీటిలో మాత్రమే.

తమ నీరు ఏ కంపెనీదో చాలమంది ఇండ్లవారికే తెలియదు. స్నో ఆ నీటిని చిన్న సీసాలలో పట్టి సిల్వరు నైట్రేటుతో పరీక్షించెను. క్రింది నీటిలో ఉప్పు ఎక్కువగుటచే తెల్లని అవక్షేపము మిక్కుటముగా ఏర్పడెను. ఎగువ నీటిలో స్వల్పము. 1854 కలరాలో మొదటి ఏడు వారముల లెక్కను అతడు ఇట్లు చూపెను: మురుగు కలిసిన నీరు వాడిన 40,046 ఇండ్లలో 1,263 మరణములు, ఎగువ నీరు వాడిన 26,107 ఇండ్లలో 98 మరణములు. 10,000 ఇండ్లకు లెక్కింపగా మొదటిది 315, రెండవది 37. ఇట్టి పట్టికను చూచినవాడు స్నోను ఇష్టపడనక్కరలేదు. ఆ అంకెలకు సమాధానము మాత్రము చెప్పవలసియుండును.

స్నో మాట కూడ వెంటనే చెల్లలేదు. 1858లో అతడు మరణించెను. కాని అతని పుస్తకము నిలిచియుండెను. ఒకప్పుడు గాలి సిద్ధాంతమును నమ్మిన విలియం ఫార్ అను గణాంకవేత్త 1866 కలరా నాటికి నీటి సిద్ధాంతమునే అనుసరించెను. రచయిత లేకున్నను రచన వాదించినది.

ఈ రెండు కథలు చదివిన విద్యార్థికి ఇట్టి అభ్యాస మీయవచ్చును: "మన వీధి బావినీరు త్రాగుటకు తగును" అనునట్టి ఒక చిన్న నిర్ణయమును తీసికొని, దానికి సాక్ష్యమేమో, సాక్ష్యమును ఎట్లు సంపాదించెనో, దానిని కాదనువాడు ఏమనునో, అతనికి ఏమి చెప్పవచ్చునో రెండు పుటలలో వ్రాయుట. కాదనువాని మాటను బలహీనపరచి చెప్పరాదు. అతడే చదివి, "నా మాట ఇదియే" అని ఒప్పుకొనునట్లు చెప్పవలెను.

దిద్దుట

మొదటి ప్రతి రచన కాదు, రచనకు ముడిసరకు. దానిని దినమో రెండు దినములో ప్రక్కన నుంచి, తరువాత బిగ్గరగా చదువవలెను. కంటికి కనబడని తప్పు చెవికి వినబడును. పిదప తోటి విద్యార్థి చదివి, అర్థముకాని వాక్యమున కెదురుగా ప్రశ్నగుర్తు మాత్రము పెట్టవలెను, దిద్దవలసినవాడు వ్రాసినవాడే.

ఉపాధ్యాయుని కష్టమును మరువరాదు. అరువది కాగితములలోని ప్రతి తప్పును ఎఱ్ఱసిరాతో గుర్తించుట అసాధ్యము, నిష్ప్రయోజనము కూడ. ఎఱ్ఱబడిన కాగితమును చూచి విద్యార్థి మార్కు చూచుకొని మడిచివేయును. వారమునకు పది కాగితములను మాత్రము శ్రద్ధగా చదివి, ఒక్కొక్కదానికి మూడు ప్రశ్నలు వ్రాసి తిరిగి ఇచ్చుట మేలు: ఇది నీవు చూచినదా, విన్నదా? ఈ మాటకు కొలత ఏది? దీనిని కాదనువానికి ఏమి చెప్పుదువు? విషయము కుదిరిన తరువాత అక్షరదోషములను దిద్దుకొనుట సులభము. విషయము కుదరక ముందు దిద్దిన అక్షరము కూలబోవు గోడకు వేసిన సున్నమువంటిది.

ఈ దినములలో మరియొక సందేహము కూడ బయలుదేరినది. 2022 నుండి, అడిగిన విషయముపై క్షణములో వ్యాసము వ్రాసియిచ్చు కంప్యూటరు సాధనములు అందరికి అందుబాటులోనికి వచ్చినవి. ఇంక విద్యార్థి వ్రాయనేల? రచన యొక్క ప్రయోజనము కాగితము నింపుటయే అయినచో ఈ ప్రశ్నకు జవాబు లేదు. కాని పాత రికార్డును నకలు చేసినను, యంత్రముచే వ్రాయించినను నష్టమొక్కటే. ఒకరు సాముచేసిన మరియొకరికి కండలు రావు. లోలకమును ఊపి చూచినది ఆ విద్యార్థియే. ఆ దినమున అతని చేతిలోని గడియారము చూపిన కాలము యంత్రమునకు తెలియదు.

ఆ లోలకము సంగతియే చూతము. నూరు సెంటీమీటర్ల పొడవు, ఇరువది డోలనములకు 40.5 సెకనులు, ఫలితము సుమారు 963. దానిని చెరిపివేయని విద్యార్థి కారణము వెదకును. గడియారమును ఆపుటలో 0.4 సెకను ఆలస్యమైనచో, నిజమైన కాలము 40.1, అపుడు ఫలితము 982. ఇంత చిన్న ఆలస్యము ఫలితమును 19 సెంటీమీటర్లు కదల్చుచున్నది. దారపు పొడవును గుండు మధ్యవరకు గాక పైభాగమువరకే కొలిచి ఒక సెంటీమీటరు విడిచినను, ఫలితము సుమారు పది సెంటీమీటర్లు తగ్గును. ఇరువదికి బదులు ఏబది డోలనములు లెక్కించినచో ఆ ఆలస్యపు ప్రభావము తగ్గునని అతనికి తోచును. మరునాడు మరల ప్రయోగశాలకు వచ్చును.

ఆ విద్యార్థి రికార్డులో 963 అను అంకె, దానిక్రింద నాలుగు వాక్యముల కారణము ఉండును. దానిని దిద్దు ఉపాధ్యాయుడు 980 లేదని మార్కు తగ్గింపక, ఆ నాలుగు వాక్యములకు మార్కు వేసినచో, తక్కిన ఏబదితొమ్మండుగురును మరుసటి వారము తమ సొంత అంకెలనే వ్రాయుదురు.